ముట్టుకుంటే పోయే పోర్టు, ముట్టుకోకపోయినా పోయే పోర్టు

మీరు చెప్పింది క్లుప్తంగా ఇదీ. మూడున్నరేళ్ల ల్యాప్‌టాప్. టైప్-సి ఛార్జర్ ప్లగ్గును కాస్త పైకెత్తి పెడితే గానీ ఛార్జింగ్ ఎక్కడం లేదు, అందుకని కేబుల్ కింద పుస్తకం పెట్టి నెట్టుకొస్తున్నారు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కాపీ మధ్యలో డిస్‌కనెక్ట్ అవుతోంది, నిన్నయితే ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. అందులో మీ చెల్లెలి పెళ్లి వీడియోలున్నాయి, ఇంకో కాపీ లేదు. విశాఖలో మీ ఇంటి దగ్గర షాపులో చూపిస్తే మదర్‌బోర్డు, అంటే లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు, మార్చాలి, 22 వేలు అన్నారు.

ముందు ఆ పుస్తకం తీసేయండి.

పదహారేళ్లుగా సికింద్రాబాద్‌లో ల్యాప్‌టాప్ బోర్డులు రిపేరు చేస్తున్నాను. నా బల్ల మీదికి వచ్చే పోర్టుల్లో, అంటే ప్లగ్గులు దూర్చే రంధ్రాల్లో, పూర్తిగా చచ్చినవి తక్కువ. "ఇలా పట్టుకుంటే పనిచేస్తుందండీ" అని చూపించి ఇచ్చేవే ఎక్కువ. అలా ఒక యాంగిల్ దొరికిన రోజు నుంచే అసలు నష్టం మొదలవుతుంది. పోర్టును బోర్డుకు పట్టి ఉంచేవి కొన్ని చిన్న కాళ్లు, వాటిని బోర్డుకు అతికించే లోహం, అంటే సోల్డర్, అంతే. ప్లగ్గును ఎత్తి పెడితే ఆ ఒత్తిడంతా వాటి మీదే పడుతుంది. మొదట సోల్డర్ చిట్లుతుంది. వారం తర్వాత ఆ యాంగిల్ పనిచేయదు, మీరు ఇంకాస్త మందం పుస్తకం వెతుకుతారు. చివరికి బోర్డు మీది రాగి పొర పోర్టుతో పాటు ఊడి వస్తుంది. మొదట్లో తెస్తే గంటలోపు పని. చివర్లో తెస్తే వెంట్రుకంత సన్నటి తీగలతో ఒక్కో లైను కలుపుకుంటూ పూటంతా కూర్చోవాలి, అప్పటికీ నేను గ్యారంటీ ఇవ్వను.

పైగా అరకొరగా తగిలే పోర్టు వేడెక్కుతుంది. 65 వాట్ల ఛార్జర్ అంటే 20 వోల్టుల దగ్గర మూడు ఆంపియర్లకు పైనే కరెంటు వెళ్తుంది. అదంతా సగం తగిలీ సగం తగలని చోట నుంచి వెళ్తే అక్కడి ప్లాస్టిక్ నల్లబడుతుంది. ప్లగ్గు తీసి ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. కాలిన వాసన ఉంటే ఆ పోర్టును ఇక వాడకండి, ఇంకో టైప్-సి పోర్టు ఛార్జింగ్ తీసుకునేదైతే దానితో నడపండి.

ఇక డిస్కు సంగతి. రిపేరు తర్వాత, వీడియోలు ముందు. ఫార్మాట్ అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి, ఎన్నిసార్లు అడిగినా అంతే. ఎర్రర్లు సరిచేస్తామని వచ్చే స్కాన్ కూడా ఇప్పుడు నడపొద్దు. అది డిస్కు మీద రాస్తూ పోతుంది. రాస్తుండగా కనెక్షన్ మళ్లీ పోతే మిగిలింది కూడా చెడుతుంది. ఈ ల్యాప్‌టాప్‌ను పక్కన పెట్టి, వేరే కంప్యూటర్‌కి, వేరే కేబుల్‌తో, డిస్కును బల్ల మీద కదలకుండా పెట్టి కలపండి. కనిపిస్తే ముందు పెళ్లి ఫోల్డర్ కాపీ చేసుకోండి. మొత్తం డిస్కును ఒకేసారి లాగాలని చూడకండి.

డిస్కు ఎందుకు ఫార్మాట్ అడుగుతుందో చెప్తాను, అప్పుడు భయం కొంచెం తగ్గుతుంది. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టిక ఒకటి డిస్కులోనే ఉంటుంది. ఆ పట్టికలో రాస్తుండగా కనెక్షన్ తెగితే పట్టిక సగంలో ఆగిపోతుంది. విండోస్‌కు అది అర్థం కాక "ఇది ఖాళీ డిస్కేమో" అనుకుంటుంది. ఫైళ్లు మాత్రం చాలావరకు ఎక్కడివక్కడే ఉంటాయి. ఈ పట్టిక రాసే పద్ధతులు రకరకాలు. విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లో చేయబోయే మార్పును ముందు వేరేచోట నోట్ చేసుకునే పద్ధతి ఉంది కాబట్టి మధ్యలో తెగినా కొంత తట్టుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో రకానికి ఆ సదుపాయం లేదు. మ్యాక్‌కూ విండోస్‌కూ రెండింటికీ పనికొస్తుందని చాలామంది ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకుంటారు. లూజు పోర్టుతో అది ప్రమాదం. డిస్కు ఏ కంప్యూటర్‌లోనూ కనిపించకపోయినా, టక్ టక్ అని శబ్దం చేస్తున్నా మీ ప్రయోగాలు ఆపేసి డేటా రికవరీ తెలిసినవారికి ఇవ్వండి.

ఇప్పుడు అసలు ప్రశ్న: తప్పు ఎక్కడుంది? నేను ముందు అడిగేది ఒకటే. ముట్టుకుంటే పోతోందా, ముట్టుకోకపోయినా పోతోందా? కేబుల్ కదిపినప్పుడు, ల్యాప్‌టాప్ జరిపినప్పుడు పోతే అది తగులుడు సమస్య: కేబుల్, ప్లగ్గు, పోర్టు, సోల్డర్. మీరు టీ తాగడానికి వెళ్లి వచ్చేసరికి, ఎవరూ తాకకుండానే పోతే అది సెట్టింగుల సమస్యో పవర్ సమస్యో అయ్యే అవకాశం ఎక్కువ. మీ ఛార్జింగ్ మొదటి రకం. డిస్కు మాత్రం మీరు రాసిన దాన్నిబట్టి రెండు రకాలూ కలిసినట్టుంది. అందుకే రెండింటికీ ఒకే కారణం అంటగట్టి మదర్‌బోర్డు అనడం నాకు నచ్చలేదు.

ఛార్జింగ్‌తో మొదలుపెడదాం. ముందు కొత్త కేబుల్ పెట్టి చూడండి. ఇది ఊరికే చెప్పే సలహా కాదు. టైప్-సి తయారీలోనే ఒక తెలివి ఉంది: అరిగిపోయే స్ప్రింగులన్నీ కేబుల్ ప్లగ్గులో పెట్టారు, పోర్టు లోపల కదిలేది ఏదీ లేదు. నడుమ ఒక పలుచటి నాలుక, దాని మీద అటు 12, ఇటు 12, మొత్తం 24 కాంటాక్టులు. అరిగితే కేబులే అరగాలి, దాన్ని మార్చుకుంటే సరిపోవాలి అని ఆలోచన. ప్రమాణం ప్రకారం 10,000 సార్లు పెట్టి తీయడానికి తట్టుకోవాలి. రోజుకు నాలుగుసార్లు చొప్పున ఆరున్నరేళ్లు దాటుతుంది. కాకపోతే ఆ లెక్క నిటారుగా పెట్టి నిటారుగా తీసినప్పుడు. కింద పుస్తకం పెట్టి, ఒళ్లో పెట్టుకుని, ప్లగ్గు తొడకు ఒత్తుకుంటూ ఉన్నప్పుడు ఆ లెక్క వర్తించదు. పాత పెద్ద పోర్టు, అంటే టైప్-ఏ, మామూలు రకానికి ఆ ప్రమాణం 1,500 సార్లే. పెన్‌డ్రైవులతో రోజంతా పనిచేసే జిరాక్స్ షాపుల కంప్యూటర్లలో ముందు పోర్టులు ఎందుకు వదులైపోతాయో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది.

కొత్త కేబుల్ ఫోన్‌తో వచ్చే సన్నటిది కాకూడదు. 60 వాట్లు దాటితే కేబుల్‌లోనే "నేను ఐదు ఆంపియర్లు మోయగలను" అని ఛార్జర్‌కు చెప్పే చిన్న చిప్ ఉండాలి. అది లేకపోతే ఛార్జర్ మూడు ఆంపియర్ల దగ్గరే ఆగుతుంది, ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఛార్జ్ అవుతోందని మీరు పోర్టును తిడతారు.

కొత్త కేబుల్‌తోనూ అదే గొడవైతే ప్లగ్గును తలకిందులుగా తిప్పి పెట్టండి. ఒకవైపు పెడితే ఛార్జ్ అయ్యి, తిప్పి పెడితే కాకపోతే కేబుల్ మీద అనుమానం వదిలేయొచ్చు, తప్పు చాలావరకు పోర్టుదే. ఎందుకంటే ఛార్జర్‌తో ముందుగా మాట్లాడే తీగ కేబుల్‌లో ఒకటే ఉంటుంది, పోర్టులో మాత్రం పైన ఒకటి కింద ఒకటి ఉంటాయి. తిప్పినప్పుడు మారేది పోర్టు వైపు కాంటాక్టే. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. అయినా షాపుల్లో దీన్ని చేసేవాళ్లను నేను తక్కువే చూశాను.

తర్వాత టార్చి వేసి లోపల చూడండి. బ్యాగులో తిరిగే ల్యాప్‌టాప్ పోర్టుల్లో నూగు, దుమ్ము చేరి, మనం ప్లగ్గు పెట్టినప్పుడల్లా అది వెనక్కి దట్టమవుతుంది. అప్పుడు ప్లగ్గు పూర్తిగా లోపలికి వెళ్లదు, చివరి అర మిల్లీమీటరు దగ్గర ఆగుతుంది, పట్టు లేక ఊగుతుంది. చూడ్డానికి అచ్చం పోర్టు లూజైనట్టే ఉంటుంది. ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేసి, చెక్క టూత్‌పిక్‌ను చాకుతో ఇంకాస్త సన్నగా చెక్కి, నాలుకకు తగలకుండా అంచుల వెంట నెమ్మదిగా తీయండి. గుండుసూది వద్దు. నేను కొత్తలో ఒక పోర్టును ఆన్‌లో ఉండగానే సూదితో శుభ్రం చేశాను. టప్పుమంది. ఐదు వోల్టుల లైను షార్టై ఆ పక్క పోర్టులన్నీ పోయాయి. ఆ ల్యాప్‌టాప్ యజమాని ఇంజినీరింగ్ కుర్రాడు, మర్నాడు వాడికి ప్రాజెక్టు వైవా. బోర్డు డబ్బులు నేనే కట్టుకున్నాను.

మీరుండేది విశాఖ కాబట్టి ఇంకొకటి చూడాలి. సముద్రం దగ్గర ఊళ్లలో గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి. పోర్టులో తేమ చేరి ఉండగా కరెంటు వెళ్తుంటే ఐదు వోల్టుల పిన్ను మీది బంగారు పూత, దాని కింది లోహం మెల్లగా కొరుక్కుపోతాయి. టార్చి వెలుగులో ఆకుపచ్చగా, లేదా ఒక్క పిన్ను మాత్రం నల్లగా కనిపిస్తుంది. పచ్చదనం పైపైనే ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్నటి బ్రష్షుతో పోతుంది. పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి. పిన్ను నల్లబడి గుంట పడితే శుభ్రం చేసి లాభం లేదు, పోర్టు మార్చాల్సిందే. కిటికీ పక్క బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకునే అలవాటుంటే మానుకోండి. చేతి చెమటకు, శానిటైజర్ చుక్కలకూ ఇదే వర్తిస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ప్లగ్గు ఊపితే పోర్టు మొత్తం లోపల కదులుతున్నట్టు కనిపిస్తే సోల్డర్ చిట్లినట్టే. పోర్టు రాయిలా గట్టిగా ఉండి, రెండు వైపులా, మంచి కేబుళ్లతోనూ ఛార్జ్ కాకపోతే అది చాలావరకు పోర్టు కాదు, దాని వెనకున్న ఛార్జింగ్ చిప్. కొన్ని వందల్లో దొరికే యూఎస్‌బీ టెస్టర్, అదీ 20 వోల్టుల వరకు తట్టుకునే టైప్-సి రకం, మధ్యలో పెడితే తెలిసిపోతుంది. 20 వోల్టులకు ఎక్కాల్సింది ఐదు దగ్గరే నిలబడితే ఛార్జర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మాటలు కుదరలేదని అర్థం. మీది పైకెత్తితే ఎక్కుతోంది కాబట్టి చిప్ బాగానే ఉందని నా అంచనా.

డిస్కు విషయానికి వస్తే, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులకు వచ్చే ఆ వెడల్పాటి పలుచటి ప్లగ్గు, రెండు ముక్కలు పక్కపక్కన అతికించినట్టుండేది, నాకు అస్సలు నచ్చని కనెక్టర్. పక్కకు లాగితే తట్టుకోదు. పెళ్లిళ్లకు వీడియో తీసే ఒకాయన ఏడాదికి రెండు డిస్కులు నా దగ్గరికి తెచ్చేవాడు. ఒకసారి మండపం దగ్గర ఆయన పని చూశాను. ల్యాప్‌టాప్ కుర్చీ మీద, డిస్కు కేబుల్‌కు వేలాడుతూ గాల్లో, ఫ్యాను గాలికి ఊగుతూ ఉంది. డిస్కును ల్యాప్‌టాప్ మూత వెనక వెల్క్రోతో అంటించుకోమన్నాను. పొడుగు కేబుల్ తీసేసి జానెడుది ఇచ్చాను. ఆ తర్వాత మళ్లీ డిస్కు పట్టుకుని రాలేదు, పెళ్లి భోజనానికి పిలవడానికి మాత్రం వచ్చాడు.

కాపీ స్పీడు కూడా మీకు చాలా చెప్తుంది. యూఎస్‌బీ 3.0 పోర్టులో పాత నాలుగు పిన్నులకు తోడు ఇంకో ఐదు ఉంటాయి, వేగమంతా వాటిదే. ఆ ఐదింటిలో ఒకటి సరిగ్గా తగలకపోయినా డిస్కు మానేయదు, మారు మాట్లాడకుండా పాత 2.0 దారికి మారిపోతుంది. సెకనుకు 5 గిగాబిట్లు పోయి 480 మెగాబిట్లు అవుతుంది. మామూలు హార్డ్ డిస్కులో పెద్ద వీడియో ఫైలు కాపీ చేస్తే సెకనుకు వంద మెగాబైట్ల చుట్టుపక్కల రావాలి. మీకు ఎప్పుడూ 35, 40 దగ్గరే ఆగిపోతుంటే, పోర్టు 3.0కు గుర్తుగా ఉండే నీలం రంగుదే అయినా, కొన్ని పిన్నులు తగలడం లేదన్నమాట. ఇది పోర్టు పూర్తిగా పోవడానికి ముందు వచ్చే సూచన, ఎవరూ పట్టించుకోరు. ఒక్కోసారి ప్లగ్గు మరీ నెమ్మదిగా దూర్చినా ఇలాగే అవుతుంది: ముందు పాత పిన్నులు తగులుతాయి, కంప్యూటర్ తొందరపడి 2.0 అని రాసేసుకుంటుంది. తీసి ఒకే ఊపులో పెడితే సరి.

"కాపీ మొదలుపెట్టిన కాసేపటికి పోతుంది, చిన్న ఫైళ్లకు పోదు" అని రాశారు కదా, అక్కడ పవర్ మీద అనుమానం. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900. తిరిగే డిస్కు మోటారు మొదలయ్యేటప్పుడు దీనికి దగ్గరగా, కొన్ని డిస్కులు దాటి కూడా లాగుతాయి. సన్నటి పొడుగు కేబుల్‌లో వోల్టేజీ కొంత పోతుంది, తుప్పు పట్టిన కాంటాక్టు దగ్గర ఇంకొంత పోతుంది, చివరికి డిస్కుకు ఐదు వోల్టులు అందవు. ఒక పోర్టును నాలుగైదు చేసే హబ్బుకు, అదీ సొంత అడాప్టర్ లేనిదానికి, కీబోర్డూ మౌసూ డిస్కూ అన్నీ తగిలించి ఉంటే చెప్పనే అక్కర్లేదు. సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెట్టి చూడండి. దానితో గంటసేపు కాపీ ఆగకుండా నడిస్తే డిస్కు, డిస్కు పోర్టు రెండూ మంచివే.

ముట్టుకోకుండా పోయేదానికి విండోస్‌లో రెండు చోట్ల చూడాలి. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌కు వెళ్లి, పవర్ మేనేజ్‌మెంట్ కింద పవర్ ఆదా కోసం ఈ డివైస్‌ను ఆపేయొచ్చు అన్న టిక్ తీసేయండి. పవర్ ఆప్షన్లలో, వాడని యూఎస్‌బీ డివైస్‌ను నిద్రపుచ్చే సెలెక్టివ్ సస్పెండ్ ఉంటే డిసేబుల్ చేయండి. ఆ తర్వాతా పోతే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 157 నంబరు కోసం వెతకండి. చెప్పాపెట్టకుండా డిస్కు మాయమైందని రాసుకునే నంబరు అది. ఆ టైములు రాసుకుని, అప్పుడు మీరేం చేస్తున్నారో గుర్తు తెచ్చుకోండి. ల్యాప్‌టాప్ జరిపిన టైములతో సరిపోలితే పోర్టు, ఊరికే ఉన్న టైములైతే సెట్టింగు.

దీనితో సంబంధం లేకపోయినా ఒక మాట. డిస్కు పెట్టగానే వైర్‌లెస్ మౌస్ తడబడుతుందని కొందరు పోర్టు మార్చమని తెస్తారు. పోర్టు బాగానే ఉంటుంది. యూఎస్‌బీ 3.0 నడిచేటప్పుడు వెలువడే రేడియో రొద, వైర్‌లెస్ మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే చెప్పింది. మౌస్ డాంగిల్‌ను, అంటే పోర్టులో పెట్టే దాని చిన్న రిసీవర్‌ను, ల్యాప్‌టాప్ రెండో పక్కకు మారిస్తే చాలు.

ల్యాప్‌టాప్ మెటల్ బాడీని చేత్తో నిమిరితే జివ్వుమంటుందా? మీరు రాయలేదు గానీ మన ఇళ్లలో ఇది మామూలే. అడాప్టర్ లోపల విద్యుత్ రొద తగ్గించడానికి పెట్టే కెపాసిటర్ల ద్వారా కొద్దిపాటి లీకేజీ బాడీకి వస్తుంది. మూడో పిన్ను ద్వారా అది ఎర్త్‌లోకి పోవాలి. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టినా, గోడ సాకెట్‌లో ఎర్త్ తీగే లేకపోయినా, బాడీ మీద ఇంటి కరెంటులో సగం దాకా వోల్టేజీ తేలుతూ ఉంటుంది. మనిషికి జివ్వుమనడమే, కానీ టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టే క్షణంలో అదే వోల్టేజీ పోర్టులోంచి దారి వెతుక్కుంటుంది. రెండింటి స్విచ్చులూ ఆపి అప్పుడు కేబుల్ పెట్టండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి.

ఇక 22 వేల మాట. ఆ షాపువాళ్లను మోసగాళ్లనను. బోర్డు మార్చడం వాళ్లకు తేలిక, రిస్కు లేదు, అందుకని అలా చెప్తారు. మీరు రెండు ప్రశ్నలు అడగండి. పోయిన పోర్టు మదర్‌బోర్డు మీద ఉందా, విడిగా చిన్న బోర్డు మీద ఉందా? చాలా ల్యాప్‌టాప్‌లలో ఒక పక్క యూఎస్‌బీ పోర్టులు విడి బోర్డు మీద ఉండి, పలుచటి రిబ్బన్ కేబుల్‌తో మదర్‌బోర్డుకు కలుస్తాయి. ఆ ముక్క మార్చుకుంటే సరి. లెనోవో, డెల్, హెచ్‌పీ చాలా మోడళ్ల సర్వీసు మాన్యువళ్లు తమ వెబ్‌సైట్లలో పెడతాయి. మీ మోడల్ నంబరుతో వెతికితే బొమ్మతో సహా తెలుస్తుంది. ఛార్జింగ్ తీసుకునే టైప్-సి మాత్రం ఎక్కువగా మదర్‌బోర్డు మీదే ఉంటుంది.

రెండో ప్రశ్న: పోర్టు ఒక్కటే మార్చగలరా, ఎలా తీస్తారు? ఫ్యాక్టరీలో వాడే సీసం లేని సోల్డర్ 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పైగా బోర్డు లోపలి రాగి పొరలు వేడిని పీల్చేసుకుంటాయి. కింద నుంచి ప్రీహీటర్‌తో బోర్డును వెచ్చబెట్టి, 183 డిగ్రీలకే కరిగే సీసం సోల్డరో, 138కే కరిగే బిస్మత్ సోల్డరో కలిపి, పోర్టు దానంతట అది తేలేదాకా ఆగి తీయాలి. "హాట్ ఎయిర్ పెట్టి లాగేస్తాం సార్" అంటే ల్యాప్‌టాప్ వెనక్కి తెచ్చేసుకోండి. మైక్రోస్కోప్ కింద చేసినది ఫోటో తీసి చూపిస్తామనే చోట ఇవ్వండి. పోర్టు ముక్క ఖరీదు తక్కువే, మీరిచ్చేది చేతిపనికి. మీ ఊళ్లో దొరక్కపోతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల చిప్ లెవెల్ పనివాళ్లు, అంటే బోర్డు మార్చకుండా దాని మీది ముక్కలే బాగుచేసేవాళ్లు, చాలామంది ఉన్నారు. ఇచ్చే ముందు పోర్టు పాడైన ఫోటో, ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు మీ దగ్గర ఉంచుకోండి.

డిస్కు పోర్టే ఊడిందని తేలితే, పైపెట్టె విప్పి లోపలి డిస్కును సాటా కేబుల్‌తో, అంటే కంప్యూటర్ లోపలి డిస్కులకు వాడే కేబుల్‌తో, చదవొచ్చని యూట్యూబ్‌లో చూసి తొందరపడకండి. కొన్ని డిస్కుల్లో యూఎస్‌బీ పోర్టు నేరుగా డిస్కు బోర్డు మీదే ఉంటుంది, సాటా ఉండదు. ఇంకొన్నింటిలో మధ్య బోర్డు డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే తనకే అర్థమయ్యే రహస్య రూపంలోకి మారుస్తుంది, ఆ బోర్డు లేకుండా తీస్తే చెత్త కనిపిస్తుంది. అప్పుడు ఆ పోర్టునే మళ్లీ సోల్డర్ చేయించుకోవాలి.

అయస్కాంతంతో అతుక్కునే టైప్-సి కొసలు కొనుక్కోమని ఎవరైనా చెప్తారు. లాగితే ఊడొస్తుంది, పోర్టుకు మంచిదే కదా అనిపిస్తుంది. యూఎస్‌బీ ప్రమాణాల్లో అలాంటిదేదీ లేదు. బయటికి కనిపించే ఆ చిన్న పిన్నులకు ఇనుప రజను అంటుకుని 20 వోల్టులు పక్క పిన్నుకు తగిలితే చిప్ పోతుంది. ఒళ్లో పెట్టుకుని పనిచేసే అలవాటుంటే ఎల్ ఆకారపు కేబుల్ కొనండి, ప్లగ్గు మీద బరువు తగ్గుతుంది.

ముందు వీడియోలు బయటికి తీయండి. తర్వాత కొత్త కేబుల్‌తో ఛార్జింగ్ ఎలా ఉందో, తిప్పి పెడితే ఏమైందో, పోర్టులో పచ్చదనం కనిపించిందో లేదో, డిస్కు వేరే కంప్యూటర్‌లో ఎంత స్పీడు ఇచ్చిందో రాయండి. మోడల్ నంబరు కూడా. పోర్టు ఏ బోర్డు మీద ఉందో నేను చూసి చెప్తాను.